కనిపించని రంగుతో అద్దిన సంచి

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న గుడ్డ పౌచ్ ఉంటుంది. కాటుక డబ్బీ, బొట్టుబిళ్ళల అట్ట, చిన్న దువ్వెన, లిప్‌స్టిక్, ముఖానికి రాసుకొనే క్రీము గొట్టం, రెండు పిన్నీసులు, ఇవన్నీ అందులో ఇమిడిపోతాయి. పొడవు జానెడు ఉంటుంది, ఎత్తు అందులో సగానికి కాస్త ఎక్కువ. పన్నెండేళ్ళ క్రితం మా పిన్ని దాన్ని కుట్టి ఇచ్చింది. పెడన నుండి తెచ్చుకొన్న కలంకారీ దుప్పటిని మంచానికి సరిపోయేలా కత్తిరించగా మిగిలిన అంచు ముక్క అది. గుడ్డ నేల, అంటే పువ్వుల వెనుక పరచుకొన్న భాగం, గంధం రంగులో ఉంటుంది. దాని మీద ముదురు ఎరుపు పువ్వులు, వాటి చుట్టూ నల్లటి గీత, ఆవపిండి రంగు ఆకులు, ఒక మూలన నీలి రెక్కల పక్షి ఉంటాయి. లోపలి అస్తరు మాత్రం పిన్ని పాత నూలు చీర కొంగుది.

ఆ పక్షి తోక దగ్గర నల్లగీత ఒక నూలుపోగు మందాన పక్కకు జరిగి ఉంటుంది. కొమ్మ అక్కడికి వచ్చి ఆగి, వెంట్రుకవాసి కిందుగా మళ్ళీ మొదలవుతుంది. పిన్ని పౌచ్ చేతికిచ్చిన రోజున నేను మొదట చూసింది ఆ జరుగుడునే. తప్పు పడిన ముక్కను ఎందుకు వాడావని అడిగాను. "అక్కడ అచ్చు అచ్చును కలుసుకుంది, అంతే" అని తను కత్తెర సర్దుకొంది. ఆ మాటలో ఉన్నది నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. అర్థం కావడానికి కారణం ఇంకో పౌచ్.

ఆ రెండో పౌచ్‌ను నేను ఇంటర్నెట్‌లో కొన్నాను. పేరులో 'కలంకారీ' అని ఉంది, ఫొటోలో అచ్చం పిన్ని పౌచ్ మీది పువ్వుల్లాంటి పువ్వులే ఉన్నాయి. వచ్చిన రోజున చూస్తే ఇది చాలా శుభ్రంగా ఉంది: గీత ఎక్కడా జరగలేదు, ఎరుపు ఎక్కడా పలచబడలేదు, నేల తెల్లగా మెరుస్తోంది. ఆరు నెలలు వాడేసరికి జిప్పు పక్కన మడత పడే చోట సన్నని తెల్లచారలు తేలాయి. గోటితో గీరితే రంగు పొడిలా రాలింది. అప్పుడు దాని అస్తరు కుట్టు ఒక చోట విప్పి గుడ్డ వెనుక వైపు చూశాను. వెనుక వైపు దాదాపు తెల్లగా ఉంది. పువ్వు ఎక్కడుందో నీడలా తెలుస్తోంది, అంతే. వెంటనే పిన్ని పౌచ్ అస్తరు కూడా ఒక మూలన విప్పాను. దాని వెనుక వైపున ఎరుపు కాస్త లేతగా ఉన్నా ఎరుపే. పక్షి పక్షే, కొమ్మ కొమ్మే. తిరగేసి కుట్టినా పౌచ్ పౌచ్‌గానే ఉండేది.

ఆ అమ్మినవారికి రాస్తే, "డిజైన్ కలంకారీదే కదా మేడం" అని జవాబు వచ్చింది. నాకు బాధ కలిగించింది పోయిన డబ్బు కంటే ఆ జవాబే. ఏ పువ్వునైనా స్క్రీన్ మీదికి ఎక్కించి గుడ్డ మీద రంగుముద్దను పులమవచ్చు. అది నేరమని నేను అనను. అలాంటి గుడ్డకు దాని సొంత పేరు పెట్టి అమ్మితే నేనే కొనుక్కొంటాను. కానీ కలంకారీ అన్నది పువ్వు ఆకారానికి పెట్టిన పేరు కాదు. ఆ పువ్వు గుడ్డలోకి వెళ్ళే దారికి పెట్టిన పేరు. ఆ దారి ఎలాంటిదో కళ్ళారా చూడాలనిపించి, ఆ ఏడు వేసవిలో బందరుకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనకు వెళ్ళాను.

నేను చూసిన పాకలో పొడుగాటి బల్ల మీద గోనె పట్టాలు, వాటి మీద పాత గుడ్డలు పొరలు పొరలుగా పరచి ఉన్నాయి. అచ్చు మెత్తగా దిగడానికి ఆ పరుపు అవసరం. బల్ల పక్కన చక్రాల పీట మీద చెక్క పళ్ళెం, అందులో వెదురు అల్లిక, దాని మీద తడిసిన కంబళి ముక్క ఉన్నాయి. అచ్చును కంబళి మీద తాటించి, గుడ్డ మీద ఆనించి, గుప్పిటి అడుగుతో ఒక్క దెబ్బ వేస్తారు. మళ్ళీ తాటింపు, మళ్ళీ ఆనింపు, మళ్ళీ దెబ్బ. అచ్చులు టేకు చెక్కవి. నల్లగీతకు ఒక అచ్చు, ఎరుపు నిండే చోటుకు ఇంకొకటి, అంచుకు వేరొకటి. ఒకే పువ్వుకు మూడు నాలుగు అచ్చులు జట్టుగా ఉంటాయి. గీత అచ్చు వేసిన చోటే నింపుడు అచ్చు కూర్చోవాలి. దానికి గుర్తులు గీసుకోవడం నాకెక్కడా కనిపించలేదు. అచ్చు మూలను గుడ్డ మీది గీత మూలకు ఆనించి, కంటితోనే కుదుర్చుకొంటున్నారు.

అచ్చు వేస్తున్న పెద్దాయన పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఆయన నల్లగీత పని పూర్తయిన గుడ్డ మీద, పువ్వుల కడుపులో నింపుడు అచ్చు వేస్తున్నారు. ఎర్రటి పువ్వు కదా అని చూస్తే గుడ్డ మీద పడుతున్నది ఎరుపు కాదు. ఉందా లేదా అన్నట్టున్న లేత గులాబీ తడి మాత్రమే.

"బాబాయ్ గారూ, ఇది ఎరుపు పువ్వే కదా, మరి ఎరుపేదీ?" అని అడిగాను.

"ఇప్పుడు కనపడదమ్మా. ఉడికాక కనపడుద్ది" అన్నారు ఆయన, అచ్చు మీంచి చూపు తిప్పకుండానే.

ఆ సంగతి తెలిశాక నేను గుడ్డను చూసే తీరే మారిపోయింది. ఆయన వేస్తున్నది రంగు కాదు, పటిక నీళ్ళు. జిగురు కలిపి చిక్కపరిచిన పటిక నీళ్ళు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ వేశారో పోల్చుకోవడానికి, ఉతికితే పోయే కాస్త కచ్చారంగు కలుపుతారు. నాకు కనిపించిన గులాబీ తడి అదే. ఎర్ర రంగుకు గుడ్డ మీద తనంతట తాను నిలిచే శక్తి లేదు. పూర్వం మొక్కల వేళ్ళ నుండి తీసిన ఎరుపు గాని, ఇప్పుడు వాడే అలిజరిన్ అనే కృత్రిమ ఎరుపు గాని, నూలుకు నేరుగా పట్టదు. మధ్యలో ఒక లోహం ఉంటేనే పట్టుకొంటుంది. పటికలోని అల్యూమినియం నూలుపోగులో కూర్చుంటుంది, రంగు వచ్చి ఆ అల్యూమినియాన్ని పట్టుకొంటుంది. గుడ్డనంతా ఎర్రనీళ్ళ గంగాళంలో వేసి ఉడికించినా, పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన ఎరుపు నీళ్ళకూ ఎండకూ వదిలిపోతుంది.

నలుపు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. కోరా గుడ్డను మొదట పిండిపదార్థం, నూనె జిడ్డు పోయేలా శుభ్రం చేసి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచుతారు. పాత పద్ధతిలో అందులో గేదెపాలు కూడా కలిపేవారు. పాలలోని వెన్న పోగుల మధ్య సర్దుకొని, వేసిన గీత చెదిరి పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు గుడ్డకంతా పట్టి, ఆరాక గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. ఇంకొక పక్కన తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులిసిన ఇనుప నీళ్ళను గుడ్డ మీద అచ్చు వేస్తే, ఇనుము కరక్కాయ వగరును తాకి అక్కడికక్కడే నల్లబడుతుంది. కరక్కాయ కోసిన కత్తి నల్లబడడం ఇళ్ళలో చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాతకు వాడిన పాతకాలపు సిరా కూడా ఈ కలయికతోనే నల్లగా ఉండేది.

అచ్చులన్నీ వేశాక గుడ్డను కొన్నాళ్ళు ఊరకే ఉంచుతారు. పటిక పోగులో స్థిరపడాలి. ఆ తరువాత ఉతుకు. ఈ ఉతుకు పారే నీళ్ళలోనే జరగాలని పెద్దాయన మరీ మరీ చెప్పారు. కారణం వింటే ఎంత తేట లెక్కో తెలుస్తుంది: నిలవ నీళ్ళలో ఉతికితే, పువ్వు నుండి వదిలిన అదనపు పటిక పక్కనున్న తెల్లనేల మీద కూర్చుంటుంది, తరువాత ఉడికేటప్పుడు అక్కడ కూడా ఎరుపు పడుతుంది. పారే నీరు ఆ అదనాన్ని కూర్చోనివ్వకుండా లాక్కుపోతుంది. ఈ పని కాలువల పక్కన పెరగడానికి కారణాలలో ఇదొకటి. ఉతికి ఆరవేసిన గుడ్డను పెద్ద రాగి గంగాళంలో వేసి, కింద కట్టెలు మండిస్తూ, పొడుగాటి కర్రలతో తిప్పుతూ ఉడికిస్తారు. నేను వెళ్ళిన రోజున గంగాళం మరుగుతోంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఎక్కడా ఎరుపు లేని గుడ్డ, అరగంట తరువాత కర్ర మీద పైకి లేచేసరికి ప్రతి పువ్వూ విచ్చుకొని ఉంది. ఆవిరిలో కళ్ళు మండుతున్నా అక్కడి నుండి కదలలేకపోయాను.

ఇంకొక చిత్రం ఏమిటంటే, ఒకే గంగాళం నుండి ఒకటికి మించిన రంగులు వస్తాయి. పటిక పడిన చోట ఎరుపు, ఇనుము పలచగా పడిన చోట వంగపండు రంగు, రెండూ కలిసిన చోట ముదురు గోధుమ. రంగు ఒక్కటే, మారినది లోహం. ఈ తెలివి మన నేలకు ఎంత పాతదంటే, మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకొని దొరికిన నూలు గుడ్డ ముక్క కూడా మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళ రంగుతో అద్దినదేనని పరిశీలకులు తేల్చారు.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. కలం అన్నదీ కారీ అన్నదీ పారసీ నుండి వచ్చిన మాటలు. కలంతో చేసిన పని అని అర్థం. శ్రీకాళహస్తిలో వెదురు కలంతోనే బొమ్మ వేస్తారు కాబట్టి అక్కడ ఆ పేరు అక్షరాలా నిజం; వ్రాతపని అన్న చక్కని తెలుగు మాట కూడా ఉంది. కృష్ణాతీరంలో మాత్రం అచ్చుదే రాజ్యం, ఇక్కడి అసలు మాట అద్దకం. గోల్కొండ పాలకుల కాలంలో పారసీక వర్తకుల, దర్బారుల అభిరుచి బందరు గుడ్డల మీదికి దిగింది. సరుగుడు చెట్టులా నిటారుగా లేచే సైప్రస్ చెట్లు, కొన వంగిన మామిడి పిందెలు, తోరణంలా వంగిన గూళ్ళు, అల్లుకుపోయే తీగలు ఆ దారిన వచ్చినవే. కాళహస్తి గుడ్డల మీద రామాయణ భారత గాథలు నడుస్తుంటే, బందరు గుడ్డల మీద తోటలు పూశాయి. ఈ రెండు పనులకూ ఇప్పుడు విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల కలిగే గందరగోళం ఎంత ఉన్నా, అద్దకం అన్న మాట మన నోటి నుండి జారిపోవడం నాకు ఎక్కువ కష్టంగా తోస్తుంది. మా అమ్మమ్మ పువ్వుల గుడ్డ దేన్నైనా చీటీ గుడ్డ అనేది. ఆ చీటీయే హిందీలో ఛీంట్, ఇంగ్లీషులో చింట్జ్. చుక్కలు చిలకరించినది అని దాని మూలార్థం. అమ్మమ్మ నోట్లో మామూలుగా దొర్లిన మాట సగం ప్రపంచం తిరిగిందని ఆమెకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

ఆ మాటతో పాటు గుడ్డ కూడా తిరిగింది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరు రేవుకు వచ్చి కొఠీలు పెట్టారు. వారికి మొదట కావలసినవి సుగంధ ద్రవ్యాలు. జాజికాయ, లవంగం పండే తూర్పు దీవులవారు వెండి కంటే కోరమాండల్ గుడ్డనే, అంటే మన తూర్పు తీరపు గుడ్డనే, ఇష్టపడేవారు కాబట్టి, గుడ్డ కొని తీసుకువెళ్ళి సుగంధ ద్రవ్యాలకు మారకం వేసేవారు. ఈ తీరపు గుడ్డకు అంత గిరాకీ తెచ్చిన ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళ నుండి వచ్చేది. ఇసుక నేలల్లో, గుల్లల సున్నం కలిసిన మట్టిలో పెరిగిన వేరుకు ఎరుపు ఎక్కువ. ఈనాటి నిజాంపట్నం అయిన పెటపోలి ఎరుపుకు ఆనాటి వర్తకులలో గొప్ప పేరుండేది. అంటే ఆ ఎరుపులో మన తీరపు మట్టికీ వాటా ఉంది.

తరువాత ఆ గుడ్డలు యూరప్ ఇళ్ళలోకి వెళ్ళాయి. పొద్దున్న ఉతికినా రాత్రి ఉతికినా రంగు వదలని పువ్వుల నూలు గుడ్డను అక్కడివారు అంతవరకు ఎరుగరు. గిరాకీ పెరిగే కొద్దీ కొనుగోలుదారు అభిరుచి మన అచ్చు మీదికి ఎక్కింది. 1643లో ఇంగ్లీషు కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమవారికి, ఎర్రనేల బొంతలు అందరికీ నచ్చడం లేదు కాబట్టి ఇకమీదట తెల్లనేల ఎక్కువగా ఉండి నడుమ రంగుల కొమ్మలూ పువ్వులూ ఉండేవి పంపమని రాశారు. ఆ తరువాత కోరమాండల్ తీరంలో అద్దిన పలంపోర్లనే మంచపు గుడ్డల మీద తెల్లనేల నడుమ మెలికలు తిరిగి లేచే కల్పవృక్షం కనిపిస్తుంది. ఆ చెట్టు కొమ్మకో జాతి పువ్వు పూస్తుంది. పారసీక తీగ, చైనా తీరులో గీసిన రాయి, యూరప్ పువ్వు, మన చేతి గీత, అన్నీ దానిలో కలిసిపోయి ఉంటాయి. నా పౌచ్ మీది గంధపు నేలను చూసినప్పుడల్లా నాకు ఆ 1643 ఉత్తరం గుర్తుకొస్తుంది.

ఈ గుడ్డకు భయపడి చట్టాలు కూడా చేశారు. ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండ్ 1700లో చేసిన చట్టంతో దిగుమతిని ఆపింది. అది చాలక 1721లో ఇంకో చట్టం చేసి, అద్దకపు నూలు గుడ్డలు కట్టుకోవడాన్నే చాలావరకు నిషేధించింది. తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళ కడుపు కొడుతున్నదన్న అలజడి దానికి కారణం. మరో పక్క ఆ గుడ్డ ఎలా తయారవుతుందో తెలుసుకోవాలన్న తపన ఎక్కువైంది. కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ, కోరమాండల్ తీరంలో అద్దకందార్లు చేసే పనిని అంచెలంచెలుగా వివరిస్తూ 1742లో స్వదేశానికి ఉత్తరం రాశాడు. కరక్కాయ, గేదెపాలు, పటిక, వేరు, మైనం, నీలిమందు అన్నీ అందులో వరుసగా వస్తాయి. ఈయన తెలుగు నేర్చినవాడు, తెలుగు ఫ్రెంచి సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. ఆయన పాండిత్యం మీద నాకు గౌరవం ఉంది. అయినా, పేర్లైనా మిగలని ఆ అద్దకందార్లు తమ నోటి విద్యను నమ్మి చెప్పి ఉంటారని, ఆ నమ్మకానికి ప్రతిగా వారికి దక్కినది ఏమీ లేదని తలచుకొంటే మనసు చివుక్కుమంటుంది. 1783లో థామస్ బెల్ గుడ్డ మీద అచ్చు వేసే రోలరు యంత్రానికి పేటెంటు పొందాడు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. వేరు తవ్వే పనికి అక్కడితో గిరాకీ తగ్గింది. నేను పెడన గంగాళంలో చూసిన ఎరుపు కూడా అలిజరిన్‌దే. అది తెలిసి నిరుత్సాహపడేవారున్నారు. నేను పడలేదు. చిరివేరులో ఎరుపునిచ్చేది కూడా ప్రధానంగా ఆ పదార్థమే. పటికతో దానికి కుదిరే పొత్తు మారలేదు, పారే నీళ్ళ అవసరం మారలేదు, గుప్పిటి దెబ్బ మారలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు నాయకత్వం వహించిన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు దేశమంతటా ఇలాంటి పనులకు మళ్ళీ ఊపిరి పోశారు. మనం ఇవాళ దుప్పట్లుగా, చీరలుగా, ఇలా పౌచ్‌లుగా కొనుక్కోగలుగుతున్నామంటే ఆ తరం పట్టుదల దాని వెనుక ఉంది.

ఇక పౌచ్ దగ్గరికి వస్తాను. మంచం నిండా పరిచే గుడ్డ కోసం కూర్చిన నమూనాను జానెడు సంచిలోకి కోయడం తేలిక పని కాదు. దుప్పటి మీద చెట్టు చెట్టుగా ఉంటుంది. జానెడు ముక్కలో అదే చెట్టు ఎక్కడి కొమ్మో తెలియని రెండు ఆకులుగా మిగిలిపోవచ్చు. అందుకే చాలామంది కుట్టేవారు చిన్న బుటాల గుడ్డను ఎంచుకొంటారు. ఎక్కడ కోసినా నిండుగా కనిపిస్తుంది. పిన్ని అలా చేయలేదు. పెద్ద తీగలో నుండి పక్షిని వెతికి, అది పౌచ్ ముందు వైపు కుడి మూలన వాలేలా, కొమ్మ అడుగు మడత మీదుగా వెనక్కి వెళ్ళేలా కోసింది. అందువల్ల అచ్చు అతుకు పక్షి తోక దగ్గర పడక తప్పలేదు. పెడనలో పెద్దాయనను ఈ అతుకు గురించి కూడా అడిగాను. "అచ్చు చెక్క కదమ్మా, వానల్లో ఉబ్బుద్ది, ఎండల్లో ముడుచుకుద్ది. మన చెయ్యే సర్దుకోవాల" అన్నారు. నా పౌచ్ గుడ్డ ఏ ఋతువులో అద్దినదో మరి! ఆ నూలుపోగంత జరుగుడులో ఒక వాన గాని ఎండ గాని దాగి ఉంది.

ఈ గుడ్డతో మేకప్ సంచి కుట్టేవారు, వాడేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. నలుపులోని ఇనుము ఏళ్ళు గడిచే కొద్దీ నూలును తినేస్తుంది. మ్యూజియంలలోని పాత చింట్జ్ గుడ్డల ఫొటోలు దగ్గరగా చూస్తే, ఎరుపు చెక్కుచెదరకుండా ఉన్నా నల్లగీత ఉండవలసిన చోట సన్నగా పోగులు ఊడిపోయి ఉండడం కనిపిస్తుంది. ఆ గుడ్డల మీదే ఆకులు కొన్ని నీలంగా కనిపిస్తాయి. అవి అద్దినప్పుడు ఆకుపచ్చవే. నీలిమందు మీద పూసిన పసుపు కాలంతో పాటు వెలిసిపోగా అడుగు నీలం మిగిలింది. నీలం, ఎరుపు గట్టివి. పసుపు తొందరగా వీడుకోలు చెబుతుంది. నలుపు తానుంటూనే గుడ్డను తింటుంది. నా పౌచ్‌లో పన్నెండేళ్ళకు ఇవన్నీ చిన్నగా మొదలయ్యాయి. ఆవపిండి రంగు ఆకులు గంధపు నేలలో కలిసిపోతున్నాయి. అడుగు మడత మీదుగా వెళ్ళే నల్లకొమ్మ దగ్గర పోగులు విడివడి, అస్తరు కనిపిస్తోంది.

పులుపు తగిలితే నలుపు ఇంకా త్వరగా చెడుతుంది. నిరుడు ముఖానికి రాసుకొనే విటమిన్ సి సీరం సీసా మూత వదులై లోపల కారింది. అస్తరు చాలావరకు పీల్చుకొంది గాని, తెల్లారేసరికి ఒక పువ్వు చుట్టూ నల్లగీత పాలిపోయిన గోధుమరంగుకు తిరిగింది. అప్పటి నుండి ద్రవాలున్న సీసాలను విడిగా ఒక ప్లాస్టిక్ కవరులో వేసి పౌచ్‌లో పెడుతున్నాను. మరకను పోగొడదామని నిమ్మచెక్క రుద్దేవారు కూడా ఈ గుడ్డ మీద ఆ పని చేయకూడదు. చల్లని నీళ్ళలో, ఘాటు లేని సబ్బుతో, విడిగా ఉతికి, నీడలో ఆరవేస్తే చాలు. మొదటి ఉతుకులో కాస్త రంగు వదిలితే కంగారుపడనక్కరలేదు, అది పోగును పట్టుకోకుండా పైన మిగిలిన రంగు.

దుకాణంలో ఎంచుకొనేటప్పుడు నేను ముందుగా జిప్పు తీసి లోపల చూస్తాను. అస్తరు కుట్టు అంచున గుడ్డ వెనుక వైపు కాస్తయినా కనిపిస్తుంది. అక్కడ ఎరుపు ఉందా అని చూస్తాను. తరువాత నేల రంగు. కరక్కాయ తాగిన గుడ్డ సాధారణంగా సున్నం తెలుపులో ఉండదు, గంధం వైపో మీగడ వైపో మొగ్గుతుంది. తరువాత ఒకే పువ్వు రెండు చోట్ల కనిపిస్తే రెండింటినీ పక్కపక్కన పోల్చుతాను. గుప్పిటి దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. చివరగా వాసన. కొత్త గుడ్డకు తడిసిన ఆకుల వాసన ఒకటి ఉంటుంది, అది మాటల్లో పట్టుబడదు గాని ఒకసారి తెలిస్తే మరిచిపోలేము.

పోయిన ఏడు కన్ను ఆపరేషను తరువాత పిన్ని మిషను ముందు కూర్చోవడం తగ్గించింది. ఆ దుప్పటి అంచులో మిగిలిన మూరెడు ముక్కను నా చేతికిచ్చి, ఈసారి నువ్వే కుట్టుకో అంది. ముక్కలో ఇంకొక పక్షి ఉంది, ఇది ఎడమ వైపు చూస్తుంది. నిన్న సాయంత్రం నేల మీద పరిచి, సుద్దముక్క పట్టుకొని కూర్చున్నాను. పక్షిని మూలకు తెస్తే నల్లకొమ్మ మళ్ళీ సరిగ్గా అడుగు మడత మీదికి వస్తోంది. ముక్కను అడ్డంగా తిప్పి, మడత ఎర్రపువ్వు కడుపు మీదుగా వెళ్ళేలా గీత గీశాను. అలా చేస్తే పక్షి కాళ్ళు కుట్టులోకి పోతాయి, అచ్చు అతుకు ఈసారి ముందు వైపు నట్టనడుమ కనిపిస్తుంది. ఫోనులో ఫొటో పంపితే పిన్ని చూసి, "కాళ్ళు పోతే పోయాయి, మడత మాత్రం అక్కడే ఉంచు" అంది.